టిఫిన్ మానేయాలా, రాత్రి భోజనం ముందుకు జరపాలా?

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది పర్లాకిమిడి. బట్టల కొట్టు నడుపుతున్నాను. వయసు 43, ఎత్తు 5 అడుగుల 6 అంగుళాలు, బరువు 86 కిలోలు ఉండేది. వేసవిలో పరీక్ష చేయిస్తే పరగడుపున షుగరు 108, మూడు నెలల సగటు 6.1 వచ్చింది. బార్డర్‌లో ఉందన్నారు, మందులు రాయలేదు. విశాఖలో ఉన్న మా బావమరిది 16 గంటలు ఉపవాసం, 8 గంటల్లోనే తిండి అనే పద్ధతిలో బాగా తగ్గాడు. అది చూసి నేనూ పొద్దున టిఫిన్ మానేశాను. మధ్యాహ్నం 2 గంటలకు భోజనం, కొట్టు కట్టేసి ఇంటికొచ్చాక రాత్రి 10:30కి భోజనం. మధ్యలో టీలు తప్ప ఏమీ తినను. రెండు నెలల్లో రెండు కిలోలు తగ్గాను గానీ పరగడుపు షుగరు 114 అయింది. నీరసంగా ఉంటోంది, సాయంత్రానికి చిరాకు. నా భార్య నేను వచ్చేదాకా తినకుండా కూర్చుంటుంది. ఖాళీ కడుపుతో కొట్టుకు వెళ్లొద్దని అమ్మ రోజూ గొడవ. నాన్నగారికి 71, చాలా ఏళ్లుగా షుగరు మాత్రలు వాడుతున్నారు. ఆయన కూడా నాతో పాటు మొదలుపెడతానంటున్నారు. అసలు ఈ పద్ధతి షుగరుకి పనిచేస్తుందా? ఏ వేళల్లో తినాలి? కార్తీక సోమవారాలు ఎలాగూ ఉపవాసం ఉంటాను, అదీ దీనికి పనికొస్తుందా?
— పేరు రాయవద్దన్న పాఠకుడు, గజపతి జిల్లా

సమాధానం: మీ సంగతి తర్వాత చూద్దాం. ముందు నాన్నగారిని ఆపండి. ఆయన డాక్టరుతో మాట్లాడేదాకా ఒక్క పూట కూడా మానకూడదు. ఆయన మాత్రల చీటీ తీసి చూడండి. అందులో గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వంటి పేరు ఉంటే, ఆ మందు ఆయన తిన్నా తినకపోయినా క్లోమగ్రంథి చేత ఇన్సులిన్ విడుదల చేయిస్తూనే ఉంటుంది. కడుపులో అన్నం లేనప్పుడు ఆ ఇన్సులిన్ షుగరును ప్రమాదకరంగా దించేస్తుంది. ఇన్సులిన్ ఇంజెక్షన్ తీసుకునేవారికీ ఇదే భయం. ఒక్క మెట్‌ఫార్మిన్ మాత్రమే వాడేవారికి ఈ ప్రమాదం చాలా తక్కువ. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనే కొత్త రకం మాత్రలు వాడేవారికి మరో చిక్కు ఉంది. ఎక్కువ గంటలు ఏమీ తినకుండా ఉంటే వాళ్ల రక్తంలో కీటోన్లు అనే ఆమ్లాలు పెరిగి ఆసుపత్రిలో చేరాల్సిన పరిస్థితి రావచ్చు. ఇవన్నీ చూసి, అవసరమైతే మాత్రల మోతాదు మార్చాకే పెద్దాయన భోజన వేళలు మార్చాలి.

ఆయనకు ఎప్పుడైనా ఉన్నట్టుండి చెమటలు పట్టి, చేతులు వణికి, మాట తికమకగా వస్తే షుగరు పడిపోతోందని అనుమానించండి. మిషన్‌లో 70 కన్నా తక్కువ చూపిస్తే, లేదా మిషన్ దగ్గర లేకపోతే, ఆలస్యం చేయకుండా మూడు చెంచాల గ్లూకోజు పొడి గానీ పంచదార గానీ నీళ్లలో కలిపి తాగించండి. 15 నిమిషాల తర్వాత మళ్లీ చూసి, ఇంకా తక్కువే ఉంటే మళ్లీ ఇవ్వండి. తేరుకున్నాక అన్నమో రొట్టో పెట్టండి. స్పృహ లేని మనిషి నోట్లో మాత్రం ఏమీ పోయకూడదు, నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. గ్లిమిపిరైడ్ రకం మాత్రలు వాడేవారిలో ఒకసారి పడిన షుగరు కొన్ని గంటల తర్వాత మళ్లీ పడవచ్చు. కాబట్టి తేరుకున్నారు కదా అని ఊరుకోకుండా ఆ రోజే డాక్టరుకు చూపించండి.

ఇక మీ విషయం. 5 అడుగుల 6 అంగుళాల మనిషికి 84 కిలోలంటే బాడీ మాస్ ఇండెక్స్, అంటే ఎత్తును బట్టి బరువును చూసే లెక్క, దాదాపు 30. మన భారతీయులకు 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం అని లెక్క. మన శరీరాల్లో అదే బరువుకు కొవ్వు ఎక్కువ, అదీ పొట్ట చుట్టూ, కాలేయం లోపల చేరుతుంది. అందుకే తూకం కన్నా టేపుతో కొలత ముఖ్యం. ప్యాంటు సైజు చూసి చెప్పకండి, అది పొట్ట కింద నిలుస్తుంది. బొడ్డు దగ్గర టేపు పెట్టి కొలవండి. మగవారికి 90 సెంటీమీటర్లు, అంటే సుమారు 35 అంగుళాలు దాటకూడదు. మీరు బట్టల వ్యాపారంలోనే ఉన్నారు కాబట్టి టేపు చేతిలోనే ఉంటుంది, నెలకోసారి కొలిచి రాసుకోండి.

పరగడుపున 100 నుంచి 125, మూడు నెలల సగటు 5.7 నుంచి 6.4 వస్తే దాన్ని మధుమేహానికి ముందు దశ అంటారు. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) దేశవ్యాప్త అధ్యయనం ప్రకారం మన దేశంలో సుమారు 13.6 కోట్ల మంది ఈ దశలో ఉన్నారు. ఇక్కడి నుంచి వెనక్కి రావచ్చు. అందుకే మీ ఉత్తరం చూసి నాకు భయం కన్నా ఆశే ఎక్కువ కలిగింది.

108 కాస్తా 114 అయిందని కంగారు పడకండి. ఒకే మనిషికి పరగడుపు షుగరు రోజుకీ రోజుకీ ఆ మాత్రం మారుతుంది. ముందు రాత్రి నిద్ర సరిగా లేకపోయినా, ఆలస్యంగా తిన్నా పెరుగుతుంది. అయితే మీరు ఎంచుకున్న వేళలు మీకు ఉపయోగపడటం లేదన్నది నిజం. ఈ విషయంలో మీ అమ్మగారి మాటే సరైనది.

మన శరీరం పొద్దున్నా రాత్రీ అన్నాన్ని ఒకేలా తీసుకోదు. పగటి పూట, ముఖ్యంగా ఉదయం, ఇన్సులిన్ చురుగ్గా పనిచేస్తుంది, కండరాలు రక్తంలోని గ్లూకోజును త్వరగా లాక్కుంటాయి. చీకటి పడ్డాక మెదడులో మెలటోనిన్ అనే నిద్ర హార్మోను పెరుగుతుంది. అది క్లోమగ్రంథి పనిని కొంత నెమ్మదింపజేస్తుంది. ఉదయం 9 గంటలకు తిన్న రెండు కప్పుల అన్నం, రాత్రి 10:30కి తిన్న రెండు కప్పుల అన్నం కొలతకు సమానమే గానీ, రాత్రి తిన్నది షుగరును ఎక్కువగా పెంచి, ఎక్కువసేపు అలాగే ఉంచుతుంది. పైగా తిన్న అరగంటకే మీరు పడుకుంటున్నారు. నడక లేదు, కదలిక లేదు. ఆ షుగరు తెల్లవారుజాము దాకా ఎత్తులోనే ఉంటుంది. తెల్లవారే వేళకు కాలేయం తన నిల్వల్లోంచి కొంత గ్లూకోజును ఎలాగూ వదులుతుంది. ఆ రెండూ కలిసే మీ పరగడుపు రిపోర్టులో కనిపిస్తున్నాయి.

దీన్ని మీలాంటి వారి మీదే పరీక్షించి చూశారు. ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో జరిగిన ఒక అధ్యయనం 2019లో వెలువడింది. మధుమేహం వచ్చే ప్రమాదం ఉన్న, పొట్ట పెరిగిన 15 మంది మగవారిని తీసుకున్నారు. ఒక వారం ఉదయం 8 నుంచి సాయంత్రం 5 లోపు, ఇంకో వారం మధ్యాహ్నం 12 నుంచి రాత్రి 9 లోపు తినమన్నారు. తిండి గంటలు రెండింట్లోనూ తొమ్మిదే. రెండు పద్ధతుల్లోనూ భోజనం తర్వాత పెరిగే షుగరు మునుపటి కన్నా తగ్గింది. పరగడుపు షుగరు మాత్రం పెందరాళే తిన్న వారంలోనే తగ్గింది. మరుసటి ఏడాది ఆస్ట్రేలియాలోనే ఇంకో అధ్యయనం వచ్చింది. బరువెక్కువున్న 11 మంది మగవారు ఐదు రోజులు ఉదయం 10 నుంచి సాయంత్రం 6 లోపు తిన్నారు, మరో ఐదు రోజులు ఉదయం 7 నుంచి రాత్రి 10 దాకా సాగే పద్ధతిలో తిన్నారు. మొత్తం రోజు సగటులో పెద్ద తేడా రాలేదు గానీ రాత్రి వేళ షుగరు మొదటి పద్ధతిలో బాగా ఉంది. 2018లో వెలువడిన మరో అధ్యయనంలో, అమెరికాలోని అలబామాలో మధుమేహానికి ముందు దశలో ఉన్న ఎనిమిది మంది మగవారికి మధ్యాహ్నం 3 లోపే ఆఖరి భోజనం పెట్టి ఐదు వారాలు చూశారు. బరువు తగ్గకుండా చూసుకున్నా వారి శరీరంలో ఇన్సులిన్ మెరుగ్గా పనిచేసింది, బీపీ కూడా తగ్గింది.

ఇవన్నీ చిన్న అధ్యయనాలు, కొద్ది రోజులవి. పెద్దవి చూస్తే కొంచెం నిదానించాలి. చైనాలోని గ్వాంగ్‌జౌలో 139 మంది ఊబకాయుల మీద ఏడాది పాటు జరిపిన పరిశోధన 2022లో వచ్చింది. అందరూ తిండి తగ్గించారు, వారిలో సగం మంది ఉదయం 8 నుంచి సాయంత్రం 4 లోపే తిన్నారు. ఆ వేళలు పాటించినవారు సగటున 8 కిలోలు, పాటించనివారు 6.3 కిలోలు తగ్గారు. గణాంకాల లెక్కలో దాన్ని చెప్పుకోదగ్గ తేడాగా తీసుకోలేదు. అంటే బరువు తగ్గడంలో ముఖ్యమైనది ఎంత తిన్నామన్నదే. మీ బావమరిది తగ్గింది 16 అనే అంకె వల్ల అయి ఉండదు. ఆ ఎనిమిది గంటల్లో తిండి కూడా తక్కువ తిని ఉంటాడు. అందువల్ల వేళలు మార్చుకుంటే అన్నీ సర్దుకుంటాయని నేను మీకు చెప్పను. మీ రాత్రి భోజనం ముందుకు జరిపితే మీ షుగరుకు మేలని మాత్రం గట్టిగా చెబుతాను.

మీరు చేస్తున్నది అసలు ఉపవాసం కూడా కాదు. టీలు తప్ప ఏమీ లేవని రాశారు. పాలు, పంచదార వేసిన టీ తిండి కిందికే వస్తుంది. పొద్దున లేవగానే ఒకటి, కొట్టు తెరిచాక ఒకటి, బేరం కుదిరిన పార్టీతో ఒకటి, సాయంత్రం ఇంకో రెండు అనుకుంటే, ఉదయం 6 నుంచి రాత్రి 11 దాకా మీ ఒంట్లోకి చక్కెర చేరుతూనే ఉంది. భోజనం మానిన నీరసం మీకు దక్కుతోంది గానీ ఉపవాసం లాభం దక్కడం లేదు. పైగా అంతసేపు ఆగి 2 గంటలకు ఆకలి మీద కూర్చుంటే కంచంలో అన్నం కొండలా పెరుగుతుంది. ఉదయం తినకపోతే మధ్యాహ్నం, రాత్రి భోజనాల తర్వాత షుగరు మరింత పెరుగుతుందని మధుమేహం ఉన్నవారి మీద 2015లో ఇజ్రాయెల్ పరిశోధకులు చూపించారు. మీకు సాయంత్రం చిరాకు రావడానికి వ్యాపారం టెన్షన్ ఒక్కటే కారణం కాదు.

సాయంత్రం 4కో 5కో తిండి ముగించమని మీకు చెబితే అది వారం కూడా నిలవదు. కొట్టుకు గిరాకీ వచ్చేదే అప్పుడు. పాతపట్నం వైపు నుంచి వచ్చేవాళ్లు, చుట్టుపక్కల పల్లెలవాళ్లు సాయంత్రం బజారుకు దిగాక మీరు కౌంటరు వదిలి కదల్లేరు. కాబట్టి మీ బతుకుకు సరిపోయే లెక్క వేసుకుందాం. పొద్దున 8:30కి టిఫిన్. మధ్యాహ్నం 1:30కి భోజనం. రాత్రి భోజనం 7, 7:30 మధ్య, కొట్లోనే, ఇంటి నుంచి వచ్చిన క్యారేజీతో. సాయంత్రం గిరాకీ ఎక్కువైతే కుర్రాణ్ణి కౌంటర్లో కూర్చోబెట్టి లోపల పావుగంట తినండి. 7:30 తర్వాత నీళ్లు తప్ప ఏమీ వద్దు. అలా చేస్తే రోజూ 13 గంటలు కడుపుకి విశ్రాంతి దొరుకుతుంది. ఎవరో చెప్పిన 16 కన్నా, రాత్రిని కలుపుకున్న ఈ 13 మీకు మంచిది. మొదటి రెండు వారాలు ఇంటికొచ్చాక ఆకలేస్తే ఉప్పు తక్కువేసిన పల్చటి మజ్జిగ ఒక గ్లాసు తాగండి. తర్వాత ఆ అవసరం దానంతట అదే తగ్గుతుంది. ఈ మార్పు కూడా ఒక్కసారిగా వద్దు. రాత్రి భోజనం ఈ వారం 9:30కి, వచ్చే వారం 8:30కి, అలా జరుపుకుంటూ రండి. దసరా, పెళ్లిళ్ల సీజన్లలో కొన్ని రోజులు తప్పుతాయి. తప్పిన మర్నాడు మామూలు వేళకు వచ్చేయండి, దానికి శిక్షగా ఇంకో పూట మానకండి.

క్యారేజీలో ఏముండాలన్నది మీ ఇంట్లో వాళ్లకు నాకన్నా బాగా తెలుసు. మీ ప్రాంతంలో దొరికేవే చాలు. పప్పు, కూరగాయలు కలిపి వండే దాల్మా మన తిండిలో మంచి వంటకం. పప్పు పాలు పెంచి, అందులో బంగాళాదుంప, కంద తగ్గించి, ములక్కాడ, బొప్పాయికాయ, వంకాయ ఎక్కువ వేయమనండి. దాన్ని ముందు తిని, ఆ తర్వాత అన్నం పెట్టుకుంటే షుగరు నెమ్మదిగా ఎక్కుతుంది. గుడ్డు, చేప తినేవారైతే రోజూ ఒకటి ఉండేలా చూసుకోండి. భోజన వేళలు కుదించినవారిలో కొవ్వుతో పాటు కండ కూడా కరిగిందని 2020లో వెలువడిన ఒక అమెరికా పరిశోధనలో తేలింది. కండ కరిగితే గ్లూకోజు వాడుకునే చోటే తగ్గిపోతుంది. మీరు తగ్గిన రెండు కిలోల్లో కొంత అదే అయి ఉంటుందని నా అనుమానం, ఆ నీరసం అందుకే.

చోడి (రాగి) అంబలి గురించి చాలామంది అడుగుతుంటారు. చోళ్లు మంచి ధాన్యమే, పీచు ఉంది, కాల్షియం ఉంది. కానీ మెత్తగా పిండి పట్టించి జావ కాస్తే అది త్వరగా అరిగి షుగరు పెంచుతుంది. అన్నం తిన్నాక పైన రెండు గ్లాసులు తాగేది కాదు. తాగితే అన్నానికి బదులుగా తాగండి. ఎండాకాలం పొఖాళో చద్దన్నమో తినడంలో తప్పు లేదు, ఒంటికి చలవ కూడా. అయితే నీళ్లలో ఉన్నా అది అన్నమేనని గుర్తుంచుకుని, గిన్నె చిన్నది చేసుకుని పక్కన వేయించిన బంగాళాదుంప బదులు చేప ముక్కో ఆకుకూరో పెట్టుకోండి. సాయంత్రం బజారులో దొరికే ఆలూ చాప్, పకోడీలు మాత్రం వారానికి ఒక్కరోజుకు పరిమితం చేయండి. దాని బదులు గుప్పెడు వేయించిన శనగలు గల్లాపెట్టె దగ్గర పెట్టుకోండి.

కొట్టు కట్టేసి బండి మీద వెళ్లకుండా నడిచి ఇంటికి వెళ్లండి. భోజనం తర్వాత పది పదిహేను నిమిషాలు నడిచినా కండరాలు గ్లూకోజును లాక్కుంటాయి. ఎక్కువ దూరమైతే సగం దారి నడవండి. బట్టల తానులు ఎత్తి దించే పని కుర్రాళ్లకే వదిలేయకుండా మీరూ చేయండి. మీ బరువులో 5 నుంచి 7 శాతం, అంటే నాలుగు నుంచి ఆరు కిలోలు తగ్గినా మధుమేహం వచ్చే అవకాశం చాలా తగ్గుతుంది. 2002లో వెలువడిన అమెరికా పెద్ద అధ్యయనంలో ఆ మాత్రం బరువు, వారానికి 150 నిమిషాల వ్యాయామం లక్ష్యంగా పెట్టుకున్నవారిలో మధుమేహం 58 శాతం తక్కువగా వచ్చింది. మన చెన్నైలో జరిగి 2006లో వెలువడిన దానిలో కూడా జీవనశైలి మార్పుతో 28 శాతానికి పైగా తగ్గుదల కనిపించింది, పెద్దగా బరువు తగ్గకుండానే.

కార్తీక సోమవారాల గురించి. ఉపవాసం భక్తితో చేసేది, దాన్ని మానమని నేను చెప్పను. కానీ షుగరు వైద్యంగా దాన్ని లెక్కలో వేసుకోకండి. పగలంతా ఏమీ తినకుండా ఉండి, నక్షత్రాలు చూశాక పులిహోర, బూరెలు, పరమాన్నం తినడమంటే, ఇన్సులిన్ బాగా పనిచేసే పగటిని వదిలేసి అది మందగించే రాత్రికి మొత్తం భారం వేయడం. ఈ ఏడాది నక్తం ఉండేట్టయితే పగలు పాలు, పండ్లు కొద్దిగా తీసుకుని, రాత్రి తీపి తగ్గించి, పప్పు, కూరతో తేలిక భోజనం చేయండి. నాన్నగారు మాత్రలు వాడుతున్నారు కాబట్టి ఆయన విషయంలో పైన చెప్పిన జాగ్రత్త కార్తీకానికి కూడా వర్తిస్తుంది.

మీ భార్య గురించి ఒక్క వాక్యమే రాశారు గానీ నా మనసు దాని దగ్గరే ఆగింది. మీరు రాత్రి 10:30కి తింటుంటే ఆమె ఆ తర్వాతే తింటుంది, అంటే 11 గంటలకు. మీకు ఏ వేళ మంచిది కాదంటున్నానో ఆమె దానికన్నా ఆలస్యంగా తింటోంది. ఇంట్లో ఇద్దరి తిండీ ఒకటే కాబట్టి ముప్పు కూడా ఒకటే. క్యారేజీ పంపించిన వెంటనే పిల్లలతో కలిసి ఆమె తినేయాలని మీరే చెప్పండి, గట్టిగా చెప్పండి. మొహమాటంతో మొదట ఒప్పుకోకపోవచ్చు. కలిసి తినే పూట పోతుందన్న బాధ ఇద్దరికీ ఉంటుంది, అది చిన్న విషయం కాదు. అందుకే పొద్దున టిఫిన్ అందరూ కలిసి కూర్చుని తినండి. కొట్టుకు సెలవు రోజున రాత్రి భోజనం కూడా 7:30కే కలిసి తినవచ్చు.

పరీక్షల విషయంలో ఒక మాట. మూడు నెలల సగటు అని మనం అనే హెచ్‌బిఎ1సి, రక్తంలో హీమోగ్లోబిన్‌ను ఆధారం చేసుకుని చెప్పే లెక్క. గజపతి, రాయగడ, కోరాపుట్ ప్రాంతాల్లో సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే వంశపారంపర్య జబ్బు) లక్షణం ఉన్నవారు ఉన్నారు, మలేరియా కూడా ఉంది. సికిల్ సెల్ ఉన్నా, ఇటీవల మలేరియా వచ్చి ఎర్ర రక్తకణాలు చితికిపోయినా ఆ అంకె ఉన్నదానికన్నా తక్కువ చూపించవచ్చు. ఇనుము లోపంతో రక్తం తక్కువైతే ఎక్కువ చూపించవచ్చు. కుటుంబంలో ఎవరికైనా సికిల్ ఉందని తెలిసినా, ఈ మధ్య చలిజ్వరం వచ్చి తగ్గినా డాక్టరుకు ఆ సంగతి చెప్పండి, అప్పుడు పరగడుపు, భోజనం తర్వాతి పరీక్షల మీదే ఎక్కువ ఆధారపడతారు. ఇంట్లో నాన్నగారి మిషన్ ఉంటుంది కదా, సూది మాత్రం కొత్తది వాడి, వారానికి రెండు రోజులు పరగడుపున, రాత్రి తిన్న రెండు గంటలకు చూసి కాగితం మీద రాసుకోండి. వేళలు మార్చాక రాత్రి అంకె ముందుగా తగ్గుతుంది, పరగడుపు అంకె తగ్గడానికి ఇంకొన్ని వారాలు పడుతుంది.

మూడు నెలలు ఇలా చేసి మళ్లీ పూర్తి పరీక్షలు చేయించండి. షుగరుతో పాటు బీపీ, కొలెస్ట్రాల్, కాలేయం కూడా చూపించుకోండి. పరగడుపున 126 గానీ, సగటు 6.5 గానీ రెండు సార్లు వస్తే అది మధుమేహమే, అప్పుడు మందు మొదలుపెట్టడానికి వెనకాడవద్దు. మధ్యలో బాగా దాహం, మాటిమాటికీ మూత్రం, కారణం లేకుండా బరువు పడిపోవడం కనిపిస్తే మూడు నెలలు ఆగకండి. 30 దాటినవారికి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో షుగరు, బీపీ పరీక్షలు ఉచితంగానే చేస్తారు, మీతో పాటు మీ భార్యకూ చేయించండి.